కాంచన కట్ చేయని ఫోన్

"ఎత్తొద్దక్కా," అన్నాడు శశికుమార్.

కాంచన ఎత్తింది.

తిరుత్తణి బ్యాంకులో అతని బల్లకు ఎదురుగా కూర్చుని ఉందామె. పక్కన తంగమ్మ నిలబడి ఉంది. ఒకే వరుసలో పక్కపక్క ఇళ్లు వాళ్లవి. ఈ పూట కాంచనను బలవంతాన బ్యాంకుకు లాక్కొచ్చింది తంగమ్మే. బ్యాంకు పేరు చెప్పి ఎవరెవరో మోసగాళ్లు ఫోన్ చేస్తుంటే, ఈమె వాళ్లతో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడుతోందనీ, గోడ అవతలికి అంతా వినపడుతోందనీ శశికుమార్‌కు అప్పటికే చెప్పింది. పొద్దున రైలెక్కి తిరువళ్లూరు దగ్గర కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది, చీకటి పడ్డాక వచ్చి ఒక్కతే వండుకుని ఒక్కతే తింటుంది, పలకరించే దిక్కు లేక ఇట్లా అయిపోయింది అని కూడా చెప్పింది.

"ఏదో ఒగనాడు ఆ ఓటీపీ నంబరు చెప్పేస్తాది సార్. కష్టపడి దాచుకున్నిందంతా పోతాది. మీరన్నా చెప్పండి," అంది తంగమ్మ.

శశికుమార్ చెప్పడం మొదలుపెట్టేలోపే ఈ ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టమని సైగ చేశాడు. కాంచన పెట్టింది.

"మేడమ్, మీ బ్యాంకు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ కేవైసీ పూర్తి కాలేదు. ఈ సాయంత్రానికి మీ ఖాతా ఆగిపోతుంది. ఇప్పుడు మీకొక ఓటీపీ వస్తుంది, అది చెబితే నేనే సరిచేస్తాను."

మగగొంతు, చిన్న వయసే. చదివి అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నాడు. వెనక ఇంకా చాలా గొంతులు కలగాపులగంగా వినపడుతున్నాయి. ఫోన్ టింగుమని మోగి తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. తంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శశికుమార్ ఫోన్ అందుకోబోయాడు. కాంచన వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"నీదే ఊరు నాయనా?" అని అడిగింది.

"ఊరెందుకు మేడమ్? నంబరు చెప్పండి."

"చెప్తాలే. అన్నం తిన్నావా?"

అవతల మళ్లీ అదే పాఠం, ఈసారి కొంచెం గట్టిగా. ఖాతా ఆగిపోతే తన బాధ్యత కాదన్నాడు. కాంచన ఆ మాటలు పట్టించుకోలేదు. స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది.

"నీ పక్కన కూర్చోనుండేవాళ్లు యాడోళ్లు నాయనా? మన ఊరి పక్కోళ్లు ఎవురన్నా ఉండారా?"

ఫోన్ కట్ అయింది. ఆమె ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కాసేపు దాని వైపే చూస్తూ కూర్చుంది.

శశికుమార్ కంప్యూటర్‌లో ఆమె ఖాతా తెరిచి చూశాడు. ఒక్క పైసా కదల్లేదు. ఆశ్చర్యపోయాడు. అయినా చెప్పాల్సినవన్నీ చెప్పాడు. బ్యాంకు ఎప్పుడూ ఓటీపీ అడగదు, పిన్ అడగదు. ఎవరు అడిగినా కట్ చేసి, అనుమానముంటే నేరుగా బ్రాంచికే రావాలి. వాళ్లు పంపే లింకు నొక్కకూడదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ పోలీసుల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

"ఆమా సార్, అన్నీ తెలుసు. ఇంతవరకు ఎవురికీ ఏ నంబరూ చెప్పలా," అంది కాంచన.

తెలిసి కూడా ఎందుకు ఎత్తుతున్నట్టని తంగమ్మ విసుక్కుంది. ఇక నీ ఇష్టం అనేసి, షేర్ ఆటో దొరుకుతుందేమో చూస్తానంటూ తంగమ్మ బయటికి వెళ్లింది.

శశికుమార్‌కు జాలేసింది. ఇట్లాంటి వాళ్లను అతను ముందూ చూశాడు. బ్యాంకులో పని లేకపోయినా వచ్చి, ఫ్యాను కింద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిపోయేవాళ్లు. ఫోన్ ఇటివ్వమన్నాడు. తెలియని నంబర్లు మోగకుండా చేసే ఏర్పాటు ఒకటి ఉందనీ, అది పెడితే ఈ బెడద తప్పుతుందనీ చెప్పాడు. ఆమె పరధ్యానంగా ఇచ్చేసింది. అతను సెట్టింగ్స్ తెరిచాడు. చివరి మీట నొక్కబోతుండగా అతను చెప్పింది ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది, బల్ల మీదికి వంగి ఫోన్ లాక్కుంది. ఆ ఊపుకు అతని చెయ్యి గీసుకుపోయింది.

"వద్దు సార్. వాళ్ల ఫోన్లు నాకు రావాల."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. శశికుమార్ గొంతు తగ్గించాడు.

"అక్కా, మాట్లాడే మనిషి లేకపోతే కష్టమే. నాకు అర్థమవతాది. అట్లని దొంగలతోనా?"

కాంచన తంగమ్మ వెళ్లిన వైపు ఒకసారి చూసింది. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"మా తమ్ముడు వసంత్‌ని కంప్యూటర్ పని అని దేశం దాటించి, గదిలో బంధించి, కొట్టి, వాళ్లిచ్చే నంబర్లకు ఈ ఫోన్లే చేయిస్తా ఉండారు సార్. ఒగ పూటన్నా నా నంబరు వాడి చేతికి రాదా అని ఎత్తతా ఉండాను."