పదకొండు పేజీల సముద్రం

"మొదటి పేజీలోనే శవం ఉందమ్మా!" వంకాయలోని గుజ్జు తవ్వి తీస్తూ అంది తఫీదా అత్త. "డెబ్భై ఏళ్ళొచ్చాయి, అంత చక్కటి శవాన్ని నేనెక్కడా చూడలేదు. మందులషాపు హిల్మీ చేతిలో ఏదో మహత్తుంది."

చుట్టూ కూర్చుని వంకాయల్లో బియ్యం కూరుతున్న ఆడవాళ్ళు ఆహా అన్నారు. పురుటికొచ్చిన అత్త కూతురు నవాల్ బిడ్డకి రేపే ఏడోరోజు వేడుక. పైవాటా దౌలత్ గడపలో అడుగుపెట్టగానే, పాలివ్వాలంటూ బిడ్డనెత్తుకుని లోపలికి వెళ్ళిన నవాల్ ఇంకా బయటికి రాలేదు.

మూలనున్న సోఫా అంచున కూర్చుని వగ్దీ చెవులు రిక్కించి వింటున్నాడు.

అలెగ్జాండ్రియా ఊరంతటి సంగతేమోగాని, ఆ పేటలో మాత్రం నవలల విషయంలో అత్త మాటే మాట. యాభయ్యో ఏట వయోజనుల బడిలో అక్షరాలు దిద్దుకుంది. అది మొదలు చేతికందిన నవలనల్లా, వరస తప్పకుండా వేలు పెట్టి చదివేస్తుంది. మంచయినా చెడయినా మొహం మీదే చెబుతుంది. ఆవిడ మెచ్చితే వీధి వీధంతా చదువుతుంది. పెదవి విరిచిందా, ఆ పుస్తకం వేయించిన గింజలు అమ్మే బండి దగ్గర పొట్లాలైపోవాల్సిందే.

ఈ వారం ఆవిడ చదివినవి మూడు. మూడూ పేటవాళ్ళు రాసినవే, క్లబ్బువాళ్ళు పెట్టిన పోటీలో నిలిచినవే. ఫలితం గురువారం. మూడోది వగ్దీది. ట్రాములో టికెట్లు కొడుతూ, మిగిలిన టికెట్ల వెనకాల తొమ్మిదేళ్ళపాటు రాసుకున్న నవల. తల్లి పోయిన దగ్గర్నుంచీ సాకిన అత్తకి అది నచ్చకపోతే పోటీలోంచి తీసేసుకుంటాననీ, మళ్ళీ కలం పట్టననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"బస్యూని మాస్టారిది ఎలా ఉందక్కా?" అడిగింది దౌలత్.

"అబ్బో! ప్రియురాలి కోసం ఏడు నదులు దాటతాడు. భూగోళం మాస్టారు కదూ, ఏడింట్లో ఒక్క నదీ దారి తప్పలేదు. చదువుతూ చదువుతూ పొయ్యిమీద పప్పు మాడ్చుకున్నాను."

"అంత బావుందా?"

"అంతా ఇంతానా! నువ్వూ కాస్త వాళ్ళిళ్ళకి వెళ్ళి నోరారా ఓ మంచిమాట చెప్పు దౌలత్. సంతోషిస్తారు పాపం."

"చెప్పకేం! ఇట్నుంచిటే వెళ్తాను." దౌలత్ నీలికళ్ళు వగ్దీ వైపు తిప్పి ఆప్యాయంగా నవ్వింది. "మన పిల్లాడిదో? బంగారం రాసుంటాడు."

"బంగారమా? బొగ్గు!" అత్త గుజ్జు ముద్దని టప్పున గిన్నెలో కొట్టింది. "నూట అరవై పేజీల్లో ఒక్కడు అన్నం తినడు. చదివే నాకే కళ్ళు తిరిగాయి. కథలో పిల్ల హీరోని వదిలేసి పోతుంది. పోదూ మరి? నేనైతే రెండో పేజీలోనే పోయేదాన్ని. ఇక సముద్రమైతే పదకొండు పేజీలు! కిటికీ తెరిస్తే ఊరికే కనబడే సముద్రానికి పదకొండు పేజీలెందుకే?"

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"పోనీలే అక్కా, మన పిల్లాడేగా," అంది పక్కింటి రతీబా.

"అయితే? నిజం చెప్పడానికి చుట్టరికమేమిటి?"

"అయితే చదవద్దంటావా?" దౌలత్ నిరాశగా అడిగింది.

"చదివి కళ్ళు పాడుచేసుకోకు తల్లీ."

వంకాయలు పళ్ళేలకెక్కాయి. దౌలత్ సంచీ పుచ్చుకుని మందులషాపు వైపు బయల్దేరింది. మిగతావాళ్ళు పళ్ళేలు పట్టుకుని రతీబా వంటింటికి నడిచారు. వగ్దీ లేచాడు.

"ఎక్కడికిరా? తిని వెళ్ళు."

"గింజల బండి దగ్గరికి. నేను అచ్చేయించినవి ఇంట్లో ఇంకా నూట ఎనభై ఉన్నాయి, పొట్లాలకి పనికొస్తాయి. దారిలో క్లబ్బులో నా పేరు కొట్టేయమంటాను. నువ్వెప్పుడూ అబద్ధం చెప్పవు కదత్తా. ఇక కలం ముట్టను."

అత్త చేతిలో కత్తి జారి కిందపడింది. గబగబా వెళ్ళి బాల్కనీలోంచి తొంగిచూసింది. దౌలత్ మలుపు తిరిగాక తలుపులు మూసి, పరుపు కిందినుంచి పుస్తకం తీసింది. అంచులు నలిగిపోయి ఉన్నాయి.

"మూడుసార్లు చదివానురా. ఆ సముద్రంలో మీ మామయ్య పడవ కనబడింది నాకు. ఆయన పోయిననాడు కూడా అంత ఏడవలేదు."

వగ్దీ నోరు తెరిచాడు. "మరి ఇందాక..."

"ఎదురుగా కూర్చున్నదెవరు?"

"దౌలత్ పిన్ని."

"నిరుడు నా బాతుని చూసి ఎంత బొద్దుగా ఉందో అన్నదెవరు?"

"పిన్నే."

"పొద్దుగూకేలోగా అదేమైంది?"

"చచ్చింది."

"రతీబా బట్టలుతికే మిషనుని మెచ్చుకున్నాక?"

"పొగలొచ్చాయి."

"ఆవిడ ముందు నీ పుస్తకాన్ని పొగడమంటావేంట్రా, వెర్రివాడా!"

వగ్దీ కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వాడు, అత్త చేతులు ముద్దుపెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో తట్టినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"మరి హిల్మీనీ మాస్టారినీ ఆవిడ ముందు అంతలా ఆకాశానికెత్తావు, పైగా వాళ్ళిళ్ళకి కూడా పంపించావేంటత్తా?"

అత్త కిందపడ్డ కత్తి తీసి, కొంగుకి తుడిచి, మిగిలిపోయిన ఒక్క వంకాయ అందుకుంది.

"వాళ్ళేమన్నా నా మేనల్లుళ్ళా?"