తెలిసిన ఇంటి లెక్క

“పాతిక ప్రశ్నలకి ఆరా? కళ్లు మూసుకుని పెట్టినా ఇంకో రెండు తగిలేవి కదమ్మాయ్!” మాస్టారు జవాబు పత్రాన్ని బల్ల మీద పడేశారు.

బుజ్జి తల వంచుకుంది. లా ఎంట్రెన్సుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. మిగతా విభాగాలు ఆమెకు మంచినీళ్ల ప్రాయం. లాజిక్ దగ్గరే మునిగిపోతోంది. అందులో కనీసం పది రాకపోతే మిగతా మార్కులు ఎన్నున్నా సీటు రాదు. రెండేళ్లుగా అలాగే పోయింది.

“నాకంత బుర్ర లేదు మాస్టారూ. కానీ సీటు రావాలి. నాన్నని మేడ మెట్ల మీంచి తోసి చంపింది తనేనని మా అన్న చేత పోలీసులు కొట్టి ఒప్పించారు. జైల్లో ఉన్నాడు. వాడి తరఫున మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే.”

మాస్టారు లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపారు.

“కూర్చో. ఎ, బి, సి అనగానే కంగారుపడిపోతున్నావు. ఆ అక్షరాలు మానెయ్. తెలిసిన మనుషుల్ని తెలిసిన ఇంట్లో పెట్టుకుని, ఎవరెక్కడున్నారో గళ్లు గీసి నింపు. తేలాక, ఇంకోవైపు నుంచి సరిచూసుకో.”

ఇంటికొచ్చి బుజ్జి గళ్లు గీసింది. తెలిసిన ఇల్లు. నాన్న పోయిన సాయంత్రం. నలుగురు మనుషులు.

నాన్న మేడ మీద. తను ఆరింటి నుంచీ కింద హాల్లో, మెట్ల మొదట్లోనే కూర్చుని చదువుకుంటోంది. అన్న పెరట్లో స్నానాల గదిలో. అమ్మ కింద వంటింట్లో. అలాగని పోలీసులకు అమ్మే చెప్పింది. ఆరు తర్వాత మెట్లెక్కినవాళ్లు లేరు.

అంటే పైన తోసే మనిషే లేడు! నాన్న తనంతట తనే పడ్డాడు. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. బుజ్జికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

తల్లి పాలగ్లాసుతో వచ్చింది. “తాగవే. బుర్రకి నాలుగు చుక్కలు పొయ్యకపోతే ఎక్కడ్నుంచి పనిచేస్తుంది?” గ్లాసు పట్టుకున్న చెయ్యి వంకరగా ఉంది. నాన్న మెలితిప్పితే విరిగి, అలాగే అతుక్కున్న చెయ్యి అది.

“ఉండమ్మా, ఒక్కసారి సరిచూసుకోనీ.”

నాన్న పడ్డాక ఎవరెటు నుంచి వచ్చారు? తను అక్కడే, హాల్లోనే ఉంది. అన్న పెరటి తలుపులోంచి, తల మీద సబ్బు నురగతో. ఇక అమ్మ. ఆనాటి గోలలో బుజ్జి ఎప్పుడూ ఆలోచించనిది అదొక్కటే. చివరి గడి నింపింది. పెన్సిలు ఆగిపోయింది.

“ఏమ్మా, వచ్చిందా జవాబు?”

“లేదమ్మా, నా బుర్రకి ఇది అందదు,” అంది బుజ్జి, ఆ సాయంత్రం పై మెట్ల మీంచి దిగొచ్చిన అమ్మని గడిలోంచి రబ్బరుతో చెరిపేస్తూ.