తలుపు తట్టిన మనిషి

ఎవరో అరచేత్తో తలుపు బాదారు.

రీహామ్ టీవీలో ఆడుతున్న వీడియో ఆట వదిలి లేచింది.

గుమ్మంలో కింది వాటా ఆయన. పేరు మున్జిర్. ఒంటరివాడు. ఎండాకాలంలో కూడా మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని తిరుగుతాడు. ఆ వాటాలో దిగి కొన్ని నెలలైనా ఆయన నోట ఒక్క మాట విన్నవాళ్ళు ఆ మేడలో లేరు.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. లోపల మోగుతున్న టీవీ వైపు వేలు చూపించాడు.

"తగ్గిస్తాను బాబాయ్. ఏమనుకోకండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

రీహామ్ తలుపు వేసేసింది.

"ఎవరే?" వంటింట్లోంచి తల్లి సబీహా అడిగింది.

"కింది మూగాయన. మన మోతకి చెవులు పగిలిపోతున్నాయట."

"అయితే తగ్గించు. ఆపెయ్యకు. పడవాయన ఇంకా మాట్లాడనేలేదు."

రీహామ్‌కు నవ్వొచ్చింది. "పెళ్ళయితే పిల్లలుండే వయసు, ఇంకా ఈ పిల్లాటలేమిటే?" అని రోజూ సాధించిన మనిషే ఈమె!

కిందటి చలికాలం వరకూ అంతే. ఆ చలికాలంలోనే రీహామ్ తండ్రి పోయాడు. అమ్మాన్ నుంచి ఇర్బిద్‌కు బస్సు నడిపేవాడు. పొద్దున్న బండెక్కబోతూ అక్కడే కూలబడిపోయాడు.

సబీహా ఏడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు తనే కాఫీ పోసింది.

"ఆమెది గుండెనా, బండనా?" అని చాటుగా అనుకున్నారు చుట్టాలు.

ఆమెకు తిండి సయించలేదు. నిద్ర దూరమైంది. భర్త చెప్పుల జత గుమ్మం దగ్గర్నుంచి తియ్యనివ్వలేదు. తల్లి కూడా తనకు దక్కదేమోనని రీహామ్ భయపడిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, మందుల షాపులో పని ముగించుకుని వచ్చి, దిగులు మరవడానికి కొత్త ఆట ఒకటి పెట్టుకుంది. మాటలన్నీ వాళ్ళ అరబ్బీలోనే ఉన్నాయి. వరదలో మునిగిన ఊరు. తనవాళ్ళను పోగొట్టుకున్న పిల్లనొకదాన్ని ముసలి పడవవాడు గట్టుకు చేరుస్తుంటాడు. దారి పొడుగునా కసురుతాడు, కథలు చెబుతాడు. గట్టు కనబడుతుందనగా పడవలోకి నీళ్ళొస్తాయి. ఇద్దరి బరువు మొయ్యదు. ముసలాయన తెడ్డు పిల్ల చేతికిచ్చి నీళ్ళలోకి దిగిపోతాడు.

"వెనక్కి చూడకమ్మా. నువ్వు గట్టు చేరితే నేనూ చేరినట్టే."

అక్కడ ఆట నిలిచిపోతుంది. ఆడేవాళ్ళు బటన్ నొక్కితేనే తెడ్డు పడుతుంది. నొక్కితే ముసలాయన వెనకపడిపోతాడు.

రీహామ్ వేలు కదల్లేదు.

"వెయ్యవే తెడ్డు! ఆయన చెప్పాడుగా!"

ఎప్పుడొచ్చిందో సబీహా, గుత్తికూరకు గుజ్జు తీస్తున్న కాయ చేతిలో అలాగే ఉండగా, వెనక నిలబడి అరుస్తోంది.

రీహామ్ నొక్కింది. పడవ కదిలింది.

సబీహా ఉన్నచోటే కూలబడి, గొంతెత్తి ఏడ్చింది. భర్తను మట్టిచేశాక అదే మొదటి ఏడుపు. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, "ఆకలేస్తోందే" అంది.

మర్నాడు భర్త చెప్పుల్ని తనే తుడిచి లోపల దాచింది.

అప్పట్నుంచి సాయంత్రం నమాజు కాగానే, ఇంటి పెద్దను పిలిచినట్టు, "పడవాయన్ని పెట్టవే" అనడం ఆమెకు అలవాటైంది.

తలుపు మీద చప్పుడు కూడా అలవాటైంది. సరిగ్గా పడవాయన మాట్లాడుతుండగానే వచ్చేవాడు మున్జిర్. అదే చెయ్యి, అదే చెవి.

ఒకరోజు షాపులో యజమాని చేత మాటపడి వచ్చిన రీహామ్‌కు ఒళ్ళు మండింది.

"ఏం కావాలి బాబాయ్ మీకు? నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేరా? మా ఇంట్లో మేం ఏం వినాలో మీరా చెప్పేది?"

మున్జిర్ మొహం పాలిపోయింది. గుండెల మీద చెయ్యి ఆనించి, తల వంచి, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

"పాపం, లోపలికి రమ్మని కప్పు కాఫీ ఇవ్వకపోయావా?" అంది సబీహా.

"పిలిస్తే రోజూ వచ్చి కూర్చుంటాడమ్మా!"

ఆనాటి నుంచి తల్లీకూతుళ్ళు తమకు మాత్రమే వినబడేంత చిన్నగా పెట్టుకున్నారు. మళ్ళీ ఎవరూ తలుపు తట్టలేదు.

రంజాన్ ఇంకా రాకముందే మున్జిర్ శవాన్ని మెట్ల మీదుగా మోసుకుపోయారు.

పరామర్శకు తల్లీకూతుళ్ళు కిందికి దిగారు. ఆడవాళ్ళ మధ్య మున్జిర్ చెల్లెలు వదాద్ కూర్చుని ఉంది. ఎవరో చక్కెర లేని కాఫీ అందించారు.

రీహామ్ తల దించుకుని అంది: "మా టీవీ మోతతో మీ అన్నయ్యను చాలా బాధపెట్టాం పిన్నీ. పైగా నేనొకసారి నోరు పారేసుకున్నాను. మన్నించండి."

వదాద్ తలెత్తింది. "పై వాటా మీరేనా? బాధేమిటమ్మా! ఆ వేళకు నేనొస్తే నన్ను మాట్లాడనిచ్చేవాడు కాదు. తలుపు బార్లా తీసి మెట్ల మీద కూర్చునేవాడు. ఈమధ్య ఏమీ వినబడటం లేదని దిగులు పెట్టుకున్నాడు."

"ఏం వినాలని?" అంది సబీహా.

"వెళ్ళి సంగతి చెప్పరాదా అంటే, గొంతు లేనివాడు వెళ్ళి 'అది నా గొంతు' అంటే ఎవరు నమ్ముతారని రాసి చూపించేవాడు."

రీహామ్ కప్పు కింద పెట్టేసింది.

"రేడియో నాటకాల మనిషి. గొంతులో కేన్సర్ పుండు ముదిరింది, గొంతు తీసెయ్యాలన్నారు. ఒప్పుకున్న పని పూర్తిచేసి వస్తానని డాక్టర్లను బతిమాలుకున్నాడు." వదాద్ ముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏదో ఆటలో, ఒక పిల్లను గట్టుకు పంపి తను నీళ్ళలో దిగిపోయే ముసలాయనకు మాటలు చెప్పాలట. మా అన్న నోట వచ్చిన ఆఖరి మాటలు అవేనమ్మా."