దిద్దిన చీటీలు

"మళ్ళీ పాత కోడే రాశారు మహానుభావుడు!" అనుకుంటూ బిల్లుల అక్కయ్య చీటీ మీది అంకెను కొట్టేసి, పక్కన మరొకటి వేసింది. పొద్దుటి నుంచి ఇది ఆరోది.

ఆ క్లినిక్‌లో ఇరవై రెండేళ్ళుగా బిల్లులు రాసేది ఆవిడే. పెద్ద డాక్టరుగారు రోగిని చూసి, చేసిన వైద్యానికి ఏ కోడ్ వర్తిస్తుందో చీటీ మీద రాసి పంపుతారు. అక్కయ్య దాన్ని బిల్లుకెక్కించి బీమా ఆఫీసుకు పంపుతుంది. చెవి కడిగితే ఒక కోడ్, చేతికి కట్టు కడితే ఇంకో కోడ్. ఒక్కోటీ ఏడంకెలు. ఊసుపోక అన్నట్టు బీమావాళ్ళు వాటిని ఏటా మార్చేసి ఒక పట్టిక పంపుతారు. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. ఎప్పుడూ అదే వరస కాబట్టి పైన ఏం రాసుందో చదవాల్సిన పనే లేదు. ఆ అంకెలు బుర్రలో పెట్టుకుంటే సొంతింటి నంబరు మర్చిపోతానని అక్కయ్య భయం. అందుకే పట్టిక చూడటం, దిద్దడం.

చిక్కంతా ఈ ఏడే వచ్చింది. పోయిన నెల ఒక కట్ట బిల్లులు తిరిగొచ్చాయి, పాత కోడ్లు వేశారని.

పెద్దాయన కూతురు చిన్న డాక్టరమ్మ గుమ్మంలో నిలబడింది.

"అక్కా, బీమా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఈ నెల కూడా తిరిగొస్తే మన క్లినిక్‌ని జాబితాలోంచి తీసేస్తారట. ఇక మొహమాటాల్లేవు. ఎవరి తప్పైతే వాళ్ళు తప్పుకోవాల్సిందే, నాన్నైనా సరే."

అక్కయ్య పెన్ను కింద పెట్టింది. "పోయిన నెలవి ఏవో నా కన్నుగప్పి వెళ్ళుంటాయమ్మా. ఈ నెల నేను దిద్దకుండా ఒక్క చీటీ కూడా గడప దాటలేదు."

"అంటే, నాన్న అన్నీ తప్పే రాస్తున్నారా?"

అక్కయ్య నాలిక్కరుచుకుంది. "అన్నీ ఎందుకమ్మా, ఏదో ఒకటీ అరా. డెబ్భై దాటాయి కదా!"

భర్త పోయి, ఏ దారీ తోచక నిలబడ్డ రోజున ఈ కుర్చీ చూపించి కూర్చోమన్న మనిషి ఆయన. ఆయన్ని ఆ గదిలోంచి లేపేస్తే ఇంట్లో ఊరికే కూర్చుని నెల రోజులు కూడా బతకరని ఆవిడ దిగులు. ఆ సాయంత్రం ఉండబట్టలేక ఆయన దగ్గరికే వెళ్ళింది.

"కోడ్లు కాస్త చూసి రాయండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు కూడా ఆ పట్టిక పైన ఈ ఏడు ఏం రాసుందో ఓసారి తీరిగ్గా చదవమ్మా."

"నేనా? తాతకు దగ్గులు నేర్పుతారేంటండీ!"

ఆయన నవ్వేసి కళ్ళజోడు పెట్టుకున్నారు. సూది గుచ్చితే రోగికి రెండుసార్లు క్షమాపణ చెప్పే మనిషి, ఒకరిని మాట అనడం ఆయన వల్ల ఎక్కడవుతుంది!

నెలాఖరున బీమా ఆఫీసు కవరొచ్చింది, లావుగా. పెద్దాయన దాన్ని విప్పి చూసి, ఇద్దరినీ పిలిచారు.

"తప్పు నాదే," అన్నారు కూతురితో. "బుర్ర మొరాయిస్తోంది. రేపట్నుంచి నేను రాను. ఆ సంగతి బీమావాళ్ళకు నేనే రాస్తాను. అక్కయ్యని మాత్రం ఒక్క మాట అనకు."

"అన్నీ దిద్దానండీ! ఎలా తిరిగొస్తాయి?" అంది అక్కయ్య.

"కొన్ని తప్పించుకునుంటాయిలే," అంటూ కవరును సొరుగులో పెట్టి ఆయన లేచారు. కూతురు ఆయన సంచీ అందుకుని వెనకాలే నడిచింది. నాన్నను తనే గెంటేసినట్టుందేమో, తలెత్తలేదు.

అక్కయ్య ఆ గదిలోనే కూలబడి కుమిలి కుమిలి ఏడ్చింది. తన కన్ను ఇంకాస్త చురుగ్గా ఉండుంటే ఆయన కుర్చీ నిలిచేది కదా! ఇంతకీ ఏ చీటీలు తప్పించుకున్నాయో తేల్చుకుందామని సొరుగు లాగి కవరు తీసింది. తిరిగొచ్చిన ప్రతి బిల్లు కిందా సరైన కోడ్ ఇదీ అని ఎర్రగా అచ్చేసి ఉంది. తన బల్ల మీది చీటీల కట్ట తెచ్చి, ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూసుకుంది.

వాళ్ళు సరైనవన్న అంకెలన్నీ ఆవిడ కొట్టేసినవే.