ఎల్లమ్మ గెలిస్తే

“అయ్యో సామీ, మళ్ళా పాయింటు గెల్చిందిమే!” అని అంకాలమ్మ లెంపలు వేసుకుంది.

చప్పట్లు కొట్టబోయిన ఖైరున్‌బీ, సూర్యావతి చేతులు గాల్లోనే ఆపేశారు. కువైట్‌లోని ఖైతాన్‌లో ఖైరున్‌బీ అద్దెకుండే ఇరుకు ఫ్లాటది. టీవీ మాత్రం గోడంత పెద్దది. అందుకే ముగ్గురూ అక్కడ చేరారు. అంకాలమ్మయితే జాబ్రియాలో తను పనిచేసే ఇంటి మామాకి, అంటే యజమానురాలికి, పన్ను నొప్పని చెప్పి మరీ వచ్చింది.

టీవీలో బ్యాడ్మింటన్ డబుల్స్ ఫైనల్. ఇటు ఫ్రాన్స్ జంట, అటు చైనా జంట. ఫ్రాన్స్ జంటలో బంగారు జడ పిల్ల పేరు ఎలోడీ. ఆ పేరు కడప నోటికి ఎక్కక అంకాలమ్మ ఎప్పుడో దాన్ని ఎల్లమ్మను చేసేసింది.

చెయ్యదూ మరి! జాబ్రియాలో ఎల్లమ్మను కన్న ఫ్రాన్సు దంపతుల ఇంట్లో ఆమె పనికి చేరేనాటికి ఎల్లమ్మ ఇంకా పాకుతోంది. నీళ్ళు పోసింది, అన్నం తినిపించింది, తలకు కొబ్బరినూనె రుద్ది జడ వేసింది, దిష్టి తీసింది అంకాలమ్మే. పెరట్లో బట్టలారేసే తీగమీద దుప్పటి వేసి, ఇదే నెట్టు అని మొదటి ఆట ఆడించిందీ ఆమే. డబుల్స్ అంటే ఏముంది? పక్కమనిషి ఎటు కదిలితే దానికి తగ్గట్టు మనం కదలడమే కదా! ఆ విద్య ఎల్లమ్మకు ఏ కోచూ నేర్పలేదు. అంకాలమ్మతో చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెట్టీ పెట్టీ వచ్చేసింది.

పిల్ల పెద్దదై ఫ్రాన్స్ వెళ్ళిపోయింది. దేశం తరఫున ఆడింది. గెలిచినా ఓడినా మొదటి ఫోన్ మాత్రం కువైట్‌కే, అదీ అచ్చమైన కడప తెలుగులో.

రెండేళ్ళ కిందట ఎల్లమ్మ మోకాలు మెలితిరిగింది. ఇక ఆట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. అంకాలమ్మ ఊరుకుంటుందా? వంటగదిలో గిన్నెలు తోముతూనే తిరుమల ఎటుందో అంచనా వేసుకుని, అటు తిరిగి దండం పెట్టి మొక్కేసింది. పిల్ల మళ్ళీ లేచి ఆడి పెద్ద కప్పు గెలిస్తే కొండమీద తలనీలాలు సమర్పిస్తానని.

పిల్ల లేచింది, ఆడింది. కానీ ఫైనల్ దాకా వచ్చి ఓడిపోవడం అలవాటైపోయింది. ఓడిన ప్రతిసారీ అంకాలమ్మ వెక్కివెక్కి ఏడ్చేది. ఆ తర్వాత గుర్రుపెట్టి నిద్రపోయేది.

ఈసారి మాత్రం ఎల్లమ్మ చెలరేగిపోతోంది. మొదటి గేమ్ తనది, రెండోది చైనా వాళ్ళది. మూడోదానికి ముందు టీవీలో ప్రకటన వచ్చింది. ఎల్లమ్మే! నడుం దాటిన బంగారు జడ విసిరి, ఏదో షాంపూ సీసా చూపించి నవ్వుతోంది.

“ఆపండిమే దాన్ని!” అంకాలమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది.

“మన ఎల్లమ్మేగదక్కా! ఎంత బాగుండాది జుట్టు,” అంది ఖైరున్‌బీ.

“ఓసోస్, ఇప్పుడర్థవయ్యింది!” సూర్యావతి పకపకా నవ్వింది. “గుండంటే బెంగెట్టుకుందే ఈవిడ! ఎందుకండీ అంత కంగారు? మీ తలమీదున్నది పిడికెడు. ఆ పైన రోజూ ఎలాగూ స్కార్ఫు కట్టుకుంటారాయె.”

“నీకు తెల్దులే సూర్యావతీ,” అని గొణిగింది అంకాలమ్మ.

ఆట మొదలైంది. అంకాలమ్మ నోరేమో “గెలుచు తల్లీ, గెలుచు” అంటోంది. ఎల్లమ్మ స్మాష్ కొట్టినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుపోతున్నాయి. ఖైరున్‌బీ సోఫా ఎక్కి గంతులేస్తోంది. పై ఫ్లాట్ వాళ్ళు నేలమీద తన్నారు. సూర్యావతి వాళ్ళకి గోదావరి యాసలో నాలుగు తగిలించింది.

ఇంకొక్క పాయింటు. షటిల్ నెట్టు మీద తగిలి, కాస్త ఆలోచించుకుని, అవతల పడింది.

“గెల్చిందక్కా! మన ఎల్లమ్మ గెల్చింది!”

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. అంకాలమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఇంత సంతోషం తన ఇరవయ్యేళ్ళ కువైట్ బతుకులో ఎరగదు. అంతలో ఫోన్ మోగింది. వీడియో కాల్. అంకాలమ్మ దాన్ని దిండు కిందికి తోసింది. ఖైరున్‌బీయే లాక్కుని ఎత్తి ఆమె ముందు పెట్టింది.

“అంకమ్మా, చూచ్చివా?” ఎల్లమ్మ ఒక చేత్తో కప్పు ఊపుతోంది. జడ భుజంమీంచి ముందుకు జారి వేలాడుతోంది. వెనకాల ఎవరో కోటు ఆయన పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

“చూచ్చినా తల్లీ, కండ్లారా చూచ్చినా. ఆయనెవురు?”

“షాంపూ కంపెనీ ఆయన. ఇంకా మూడేండ్లు నేనే వాళ్ళ బొమ్మంట! అది ఉండనీ. టిక్కెట్లు నేను తీచ్చాండా. ఇద్దరం తిరుమలకు పోదాం. నీ మొక్కు దగ్గరుండి చెల్లిచ్చా. నున్నగా గుండు గీకేటప్పుడు పక్కనే కూచోని ఫొటోలు తీచ్చా!”

అంకాలమ్మ కప్పు వంక చూసింది. జడ వంక చూసింది. కోటు ఆయన వంక చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

“ఎల్లమ్మా, బిడ్డ కోసరం మొక్కితే తల్లి జుట్టు ఇయ్యరు తల్లీ, బిడ్డ జుట్టే ఇయ్యాల.”