ప్రపంచాన్ని మార్చిన ఏడాది

ఉమామహేశ్వరమ్మను తీపి ముట్టొద్దన్నాడు నంద్యాల డాక్టరు. ఆ సాయంత్రమే కోయిలకుంట్ల నుంచి ఆమె తమ్ముడు డబ్బా నిండా నేతి సెనగపిండి లడ్లు తెచ్చి ఆళ్ళగడ్డలో దింపిపోయాడు.

భర్త సంజీవయ్య ఊరుకుంటాడా? రిటైరైన చరిత్ర మాస్టారు. డబ్బాను ట్రంకుపెట్టెలో పెట్టి, నాలుగంకెల నెంబరు తాళం బిగించాడు.

"ప్రపంచాన్ని మార్చిన ఏడాది పెట్టినా. అదేందో కనుక్కుంటే ఒక లడ్డు నీది," అన్నాడు మీసాల్లో నవ్వుకుంటూ.

కాపురానికొచ్చిన నాటినుంచీ ఆయన చరిత్ర ఎత్తుకుంటే ఆమెకు ఆవలింతలే. దానికి ఇలా కసి తీర్చుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. అయినా లడ్డు లడ్డే. మర్నాడు కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కనే కూచుంది.

"ఏమప్పా, ఏ ఏడాది మారిండేది ప్రపంచం?"

"1789. ఫ్రాన్సులో జనం రాజు మింద తిరగబడిరి..."

కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాడు. ఆమె పెట్టె దగ్గరికి పరుగెత్తింది. తాళం రాలేదు.

"రాలేదా?" వెనకాలే వచ్చి నిలబడ్డాడు ఆయన.

"నీకేం పని ఈడ? పో."

మర్నాడు 1492. ఓడెక్కిన కొలంబస్ ఎక్కడికో బయల్దేరి ఎక్కడో తేలాడు. ఆ తర్వాత 1914, 1945. యుద్ధాలు అయిపోయాయి, తాళం మాత్రం కదల్లేదు. ఆమె అడక్కముందే ఆయనే వంటింట్లోకి రావడం మొదలుపెట్టాడు.

"ఇయాల 1453. టర్కీవాళ్ళు కోట పగలగొట్టిరి. బేగా తిప్పి చూడు."

వినే మనిషి దొరికితే మాస్టార్లు వదలరు కదా అని ఆమె పళ్ళు నూరుకుంది.

పక్కింటి గుల్జార్‌బీ నవ్వింది. "బెర్లిన్ గోడ ఎప్పుడు పడితే నీకేందక్కా?"

"నా లడ్డు దాని కిందుంది బీ."

1989 కూడా కుదరలేదు. ఆ రోజు ఉమామహేశ్వరమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది.

"రోజూ నువ్వు తింటా, నాకు కతలు చెప్తాండావ్. సగం తింటే సస్తానా? నా తమ్ముడు తెచ్చినవి అవి."

సంజీవయ్య మీసం సవరించుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"1526 చూడు మే. పానిపట్టు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని అంకెలు తిప్పింది. అదీ కాదు. తాళాన్ని పెట్టెకేసి కొట్టి లేచింది.

ఆమె విసవిసా వెళ్ళిపోయాక, చరిత్ర మాస్టారు తలుపు దగ్గరికి వేసి, పెట్టె ముందు చతికిలబడి, తాళం వేసిన మర్నాడే తాను మరిచిపోయిన ఆ ఏడాది 1857 ఏమోనని తిప్పి చూశాడు.