బూజు పట్టిన వల

డాక్టర్ గంగాధర్‌కు చేపలంటే ప్రాణం. చేపలు పట్టేవాళ్ళంటే మాత్రం చీదర.

ఆ ఆదివారం భవానీపురం రేవులో పోలరాజు దగ్గర బొచ్చె చేపకు బేరమాడుతూ, గుడిసె పక్కన పడేసి ఉన్న నైలాన్ వలను చూశాడు. బేరం వదిలేసి దాని దగ్గరికెళ్ళాడు. వల నిండా తెల్లటి బూజు. బూజు పట్టిన చోటల్లా చిల్లులు. పోగు పట్టుకుంటే పిండిలా రాలుతోంది.

నైలాన్‌ను తిని, పనికొచ్చే రసాయనాలుగా విడగొట్టే బూజు కోసం మూడేళ్ళుగా ఆయన వెతకని చెత్తకుప్ప లేదు. మర్నాడే, నిధులిచ్చే ఢిల్లీ కమిటీ వస్తోంది. చూపించడానికి ఏమీ లేకపోతే గుణదలలోని తన ల్యాబుకు తాళం పడుతుంది.

"ఈ వల నాకు కావాలి" అన్నాడు.

"ఇదాండీ? దీన్నేం చేసుకుంటారండీ?" పోలరాజు నవ్వాడు.

"చెప్పినా నీ బుర్రకెక్కదులే. రేపు పదింటికి ల్యాబుకి తెచ్చివ్వు."

అప్పుడే పట్టుకుపోవచ్చు. కానీ కారు కొత్తది. అందులో ఈ నీచు కంపా? ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పదిన్నర దాటింది. ఫొటోలు చూసిన కమిటీ వాళ్ళు అసలు వల కోసం ఎదురుచూస్తున్నారు.

"వీళ్ళకి టైమంటే లెక్క ఉండదు సార్. ఏం చేస్తాం, మన ఖర్మ" అన్నాడు గంగాధర్.

పదకొండింటికి పోలరాజు వచ్చాడు. వెనకే భార్య పోలేరమ్మ, ఆవలింత ఆపుకుంటూ. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. వేళ్ళ నిండా కోతలు.

"తాగి పడుకున్నారా?" గంగాధర్ పళ్ళ మధ్య నుంచి కసిరాడు.

"లేదండీ. కాస్త పని పడిందండీ."

పోలరాజు గోనెసంచిని బల్ల మీద పెట్టి, భయభక్తులతో వెనక్కి జరిగాడు. గంగాధర్ గ్లవుజులు తొడుక్కుని, కమిటీ వైపు ఓ గర్వపు చూపు విసిరి, సంచి మూతి విప్పబోయాడు.

"చిరిగిన వల ఇంకొకరి చేతిలో పెట్టడం మా ఇంటా వంటా లేదండీ," అన్నాడు పోలరాజు, "అందుకే బూజంతా పోయేదాకా బ్లీచింగు నీళ్ళలో ఉతికి, చిల్లులన్నీ కొత్త దారంతో అల్లుకొచ్చామండీ."